ప్రార్థనకు ఎందుకెళ్తున్నారని అడిగేవాళ్ళకు



పోస్టు పెద్దదే. ఓపిక ఉన్నవాళ్ళు మొత్తం చదవండి. లేనివాళ్ళు కనీసం కామెంట్ పెట్టే ముందైనా చదవండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి థింసా బృందం లిస్టు పెట్టిన దగ్గర నుంచి ఇక్కడ జరుగుతున్నది అందరూ చూస్తున్నారు. "చర్చికి పోయేవాళ్ళ పేర్లు తీసెయ్యండి, బియ్యం బస్తాకి అమ్ముడుపోయినోళ్ళు మన సంస్కృతి ఏం చూపిస్తారు" అని ఒక అన్న రాశారు. దాని కింద లైకులే లైకులు. ఇంకో తమ్ముడు ఒక అడుగు ముందుకేసి వాళ్ళ ఎస్టీ సర్టిఫికెట్లు కూడా రద్దు చెయ్యాలన్నాడు. "గొర్రెలు" అని ఇంకొకరు. వీళ్ళలో చాలామంది నాకు తెలుసు, మంచోళ్ళే. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయినప్పుడు నాతో పాటు ధర్నాలో ఎండలో కూర్చున్నవాళ్ళే. అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

నాది ముంచింగిపుట్టు అవతల, ఒడిశా బోర్డరు వైపు. మా ఊళ్ళో నలభై గడపలుంటే పద్నాలుగు గడపలు ప్రార్థనకు వెళ్తాయి. మా ఇంట్లో అమ్మ వెళ్తుంది, నాన్న వెళ్ళడు. నేను వెళ్తానా లేదా అన్నది ఈ పోస్టులో చెప్పను. చెప్తే, దాన్నిబట్టి మిగతాది చదవాలా వద్దా అని మీరు తేల్చేసుకుంటారు.

ముందు బియ్యం సంగతి చూద్దాం. అన్నా, మన ఏజెన్సీలో బియ్యం ఎక్కడొస్తాయి? జీసీసీ డిపోలో వస్తాయి. ఒకప్పుడు కిలో రూపాయి, ఇప్పుడు ఉచితం. బియ్యానికే మతం మారే జాతి అయితే ఈపాటికి మనందరం జీసీసీ మతం పుచ్చుకుని ఉండాలి. మా ఊరి పాస్టరు గారికి సొంతంగా ఉన్నది రేకుల షెడ్డు, ఎకరన్నర కాఫీ తోట, ఒక పాత బండి. ఆయనే మా డిపో ముందు సంచి పట్టుకుని లైన్లో నిలబడతాడు. డబ్బులున్న సంస్థలు లేవా అంటే ఉన్నాయి, వాటి సంగతి కింద రాస్తా. కానీ కొండ మీద పది ఇళ్ళ మధ్య ఆదివారం జరిగే ప్రార్థనల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. చూడకుండా రాసేవాళ్ళకు అక్కడ డాలర్లు కనపడతాయి.

మరి ఎందుకు వెళ్తున్నారు? ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

జబ్బు చేసి వెళ్ళినవాళ్ళు చాలామంది. మా ఊరి నుంచి పీహెచ్‌సీకి వెళ్ళాలంటే రోడ్డెక్కేదాకా డోలీ మొయ్యాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే అదీ లేదు. రాత్రి పూట పిల్లకి జ్వరం కాలిపోతుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు? దిసారి దగ్గరికి పోతారు. ఆయన చూసి కోడి కావాలనో మేక కావాలనో చెప్తాడు. నేను దిసారిని తక్కువ చెయ్యడం లేదు, ఆయనకు తెలిసిన వేర్లూ ఆకులూ మన డిగ్రీ బోటనీ పుస్తకంలో లేవు. కానీ మేక అంటే ఎంత? సంతలో మేక కొనడానికి తెచ్చిన అప్పు మరుసటేడు కాఫీ గింజలు అమ్మేదాకా తీరదు. ఆ రాత్రి ఒకాయన టార్చిలైటు పట్టుకుని వచ్చి, ఏమీ అడక్కుండా, పిల్ల తల మీద చెయ్యి పెట్టి తెల్లారేదాకా కూర్చుంటే, ఆ తల్లి తర్వాతి ఆదివారం వెళ్తుంది. దానికి ఏ పేరు పెడతారో పెట్టండి. ప్రలోభం అంటారా? అయితే అదే రాత్రి ఏఎన్ఎం వచ్చి ఉంటే ఆవిడ పేరు చెప్పుకునేది. రాలేదు. ఎవరూ రాలేదు.

సారా వల్ల వెళ్ళినవాళ్ళున్నారు. ఇది మగపిల్లలకు అంత తేలిగ్గా అర్థం కాదేమో గానీ, అక్కలకు చెప్పక్కర్లేదు. బాప్తిస్మం తీసుకున్న మగాడు తాగకూడదు, తాగితే నలుగురిలో అడుగుతారు. మా ఊళ్ళో అలా మానేసినవాళ్ళు ఐదుగురున్నారు. అందులో ఇద్దరు రెండేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టారు, నిజమే చెప్పాలి కదా. కానీ ఆ రెండేళ్ళూ ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు దెబ్బలు తినలేదు, పసుపు అమ్మిన డబ్బు ఇంటికొచ్చింది. జీలుగు కల్లు మన సంస్కృతి అని పోస్టులు పెట్టే అన్నలు, ప్యాకెట్ సారా ఎవరి సంస్కృతో కూడా రాస్తే బాగుంటుంది.

చిల్లంగి భయంతో వెళ్ళినవాళ్ళున్నారు. దీని గురించి మనం బయట మాట్లాడం, మైదానం వాళ్ళు నవ్వుతారని. కానీ ఇది మన గ్రూపే కదా. పక్క ఊళ్ళో వరుసగా ఇద్దరు పిల్లలు చనిపోతే ఒక ముసలామె మీద పడ్డారు. భర్త లేడు, కొడుకు లేడు, మూడెకరాల భూమి మాత్రం ఉంది. ఆమె చిల్లంగి పెడుతోందన్నారు. మన ఏజెన్సీలో ఇలాంటి అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు పేపర్లో ఎన్నిసార్లు చదివాం? ఆమె రాత్రికి రాత్రి వచ్చి మా ఊరి ప్రార్థన షెడ్డులో పడుకుంది. చిల్లంగిని నమ్మనివాళ్ళు ఆ చుట్టుపక్కల వాళ్ళే కాబట్టి వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆమె ఇప్పటికీ అక్కడే ఉంది, ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది. ఆమెను అడగండి అన్నా, బస్తా ఎన్ని కిలోలు ఇచ్చారని.

చదువు కోసం వెళ్ళినవాళ్ళు కూడా. మా అమ్మకి ముప్పై ఎనిమిదేళ్ళ దాకా అక్షరం రాదు. వయోజన విద్య అని వచ్చినవాళ్ళు పలకలు పంచి, ఫొటో తీసుకుని, వేలిముద్రలు వేయించుకుని పోయారు. చదువు రానివాళ్ళకు చదువు చెప్తామని వచ్చి వేలిముద్ర వేయించుకోవడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మ పాటల పుస్తకం పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. ముందు పాట నోటికొచ్చు, తర్వాత ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కునేది. ఇప్పుడు పాడేరు బస్టాండులో బోర్డు చదివి తనంతట తనే బస్సెక్కి నా హాస్టల్‌కి వస్తుంది.

కుర్రాళ్ళు ఎందుకెళ్తారో మనకు తెలియదా? కీబోర్డు, డ్రమ్ము, సౌండు బాక్సు. క్రిస్మస్‌కి కొత్త బట్టలు, రాత్రంతా మేలుకోవడం, పక్క ఊరి అమ్మాయిల్ని చూడొచ్చు. బిర్యానీ కూడా, కాదనను. మోదకొండమ్మ జాతరకి పాడేరు వెళ్ళే కుర్రాళ్ళందరూ భక్తితోనే వెళ్తున్నారా? జెయింట్ వీల్ ఎక్కడానికి వెళ్ళినవాణ్ణి ఆపి, నీ ఉద్దేశం స్వచ్ఛమైనదేనా అని ఎవరైనా అడిగారా? ఇటుకల పండక్కి వేట మాంసం కోసం ఎదురుచూసే మనం, ప్లేటు బిర్యానీ తిన్నవాడి ఆత్మ అమ్ముడుపోయిందని రాస్తున్నాం. పార్టీ మీటింగుకి ఐదొందలకీ ఒక పొట్లానికీ లారీ ఎక్కిన ఊళ్ళకు ఊళ్ళున్నాయి. వాళ్ళ సర్టిఫికెట్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం. ఇన్ని కారణాలు నేనూ రాశాను: జబ్బు, సారా, భయం, చదువు. మనవాళ్ళలో కొంచెం చదువుకున్నవాళ్ళు, మంచి మనసుతోనే, ఇలాగే రాస్తారు. "పేదరికం వల్ల వెళ్తున్నారు, పాపం" అని. తిట్టేవాళ్ళు ఆశతో వెళ్తున్నారంటారు, జాలిపడేవాళ్ళు అవసరంతో వెళ్తున్నారంటారు. ఆదివాసీకి ఆకలి, జబ్బు, భయం మాత్రమే ఉంటాయి, ఆలోచన ఉండదు అన్నదాంట్లో మాత్రం రెండు పార్టీలూ కలిసిపోయాయి. మైదానంలో ఒక ఇంజినీరు బాబాగారి దగ్గరికి వెళ్తే అది ఆధ్యాత్మిక అన్వేషణ. మా అమ్మ ప్రార్థనకు వెళ్తే బలహీనత.

నేను అమ్మని అడిగాను. పోయిన సంక్రాంతి సెలవల్లో, పొయ్యి దగ్గర రాగి అంబలి కలుపుతుంటే, "అమ్మా, నువ్వు ఎందుకెళ్తావు, నాకు జ్వరం తగ్గిందనేనా" అంటే, ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, "జొరం తగ్గితే తగ్గినాది, నేకపోతే నేదు. నాను ఆ మాట నిజమని నమ్మినాను, ఎల్తన్నాను. నువ్వు కాలేజీకి ఎందుకెల్తన్నావని నానెప్పుడైనా అడిగినానా?" అంది. పద్దెనిమిదేళ్ళుగా వెళ్తున్న మనిషి. ఆమెకు ఆమె లెక్క ఉంది. ఆ లెక్క తప్పని నాన్న వాదిస్తాడు, రోజూ వాదిస్తాడు, వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తింటారు. ఆయనకు వాదించే హక్కుంది. ఫోనులో టైపు చేసి ఆమెకు ధర కట్టే హక్కు మాత్రం మనకెవరికీ లేదు.

ఇప్పుడు సర్టిఫికెట్ సంగతి. ఇక్కడ తప్పుడు సమాచారం చాలా తిరుగుతోంది, జాగ్రత్తగా చదవండి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు విడివిడిగా వచ్చాయి. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది, మతం షరతు పెట్టింది అదే. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అలాంటి పేరా లేనే లేదు. ఎందుకు లేదంటే, తెగ అనేది మతం కాదు కాబట్టి. పుట్టుక, భాష, వంశం, కట్టుబాట్లు, నివాసం, ఇవీ తెగ. మొన్న ఒక తమ్ముడు పెట్టిన సుప్రీంకోర్టు తీర్పు, 2024 నవంబరుది, పుదుచ్చేరికి చెందిన ఒకామె ఎస్సీ సర్టిఫికెట్ కేసు. ఎస్సీ కేసు తెచ్చి ఎస్టీల మీద అతికిస్తే ఎలా? (ఎస్సీలకు మాత్రం మతం షరతు ఎందుకుండాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న, అది వాళ్ళు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు.) మన విషయంలో 2004లో కేరళ కేసులో అదే సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదనీ, తెగతో బంధం, ఆచారాలు పూర్తిగా వదిలేశారా అన్నది కేసు కేసుకీ చూడాలనీ చెప్పింది.

డీలిస్టింగ్ కొత్త మాటేం కాదు. బీహార్ నుంచి ఎంపీగా ఉన్న కార్తీక్ ఉరావ్ గారు 1960ల చివర్లోనే పార్లమెంటులో దీని కోసం గట్టిగా ప్రయత్నించారు. 1969లో జాయింటు కమిటీ కూడా ఆ వైపే సిఫారసు చేసింది. చట్టం కాలేదు. ఆయన ఆదివాసీ, ఆయన బాధ ఆయనది, దాని మీద గౌరవంగా వాదించుకోవచ్చు. కానీ ఇప్పుడు పాడేరులో, అరకులో ఆ బ్యానరు ఎవరు కడుతున్నారో కొంచెం చూడండి. మన రిజర్వేషనే వద్దనేవాళ్ళకి, మన రిజర్వేషన్‌లో ఎవరుండాలో చెప్పాలన్న తొందర ఎందుకొచ్చింది?

ఇంకో మాట. ఆచారం వదిలేసినవాళ్ళు ఎస్టీ కాదనే రూలు నిజంగా పెడదాం అనుకోండి. అప్పుడు లిస్టు చాలా పెద్దదవుతుంది. పెళ్ళికి పంతులు గారిని పిలిచి మంత్రాలు చదివించుకున్నవాళ్ళు మన తాతల్లో ఎవరైనా ఉన్నారా? అయ్యప్ప మాల, భవాని మాల వేసుకుని నలభై ఒక్క రోజులు మాంసం ముట్టనివాళ్ళు? వినాయక చవితికి మండపం కట్టి డీజే పెట్టే యూత్? మన గంగాలమ్మకి మంత్రం లేదు, గుడి గోపురం లేదు, ఆవిడ చెట్టు కింద రాయి. ఆవిడ కోడి తింటుంది. నేను మాల వేసుకోవడం తప్పనడం లేదు, నా సొంత అన్న వేసుకుంటాడు. ఒక తలుపు తెరిచి పెట్టి ఇంకో తలుపు దగ్గర మాత్రం కర్ర పట్టుకుని నిలబడొద్దంటున్నా. సంస్కృతి మీద అంత ప్రేమ ఉంటే, జనాభా లెక్కల్లో మన నమ్మకాలకు సొంత కోడ్ కావాలని అడగండి. జార్ఖండ్ అసెంబ్లీ 2020 నవంబరులో సర్నా కోడ్ కోసం తీర్మానం చేసింది. ఇక్కడ "ఇంటికి తిరిగి రండి" అని పిలిచేవాళ్ళు ఆ మాట ఎత్తగా నేను వినలేదు. ఏ ఇంటికి రమ్మంటున్నారో అప్పుడే నాకు అర్థమైంది.

పాస్టర్లను నేను వెనకేసుకొస్తున్నానని ఈపాటికి కొందరు స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు. ఇది కూడా తీసుకోండి.

ప్రార్థన చేస్తే చాలు, మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం అని చెప్పేవాడెవడైనా సరే నేరం చేస్తున్నాడు. మలేరియాకి, టీబీకి మందులు మధ్యలో మానేస్తే ఏమవుతుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. సికిల్ సెల్ ఉన్న పిల్లకి అదొక శాపం, దయ్యం అని చెప్పి కొండ కొండకీ కూటాలకు తిప్పడం ఇంకా ఘోరం. అది రక్తంలో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చే జబ్బు. చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి సార్, కానీ రెండో చేత్తో మాత్ర ఇవ్వండి.

మన దేవతల్ని సైతాను అనడం ఆపండి. మా నాన్న మొక్కే శంకు దేవుడు ఎవరికీ కీడు చెయ్యలేదు. డోలు వాయిస్తే పాపం, థింసా ఆడితే పాపం, కొత్తల పండగ అన్నం తింటే పాపం అని చెప్తే, ఊరు రెండవుతుంది. ఊరు రెండైతే ఏమవుతుందంటే, నాట్లకు వంతు పని ఆగిపోతుంది, గెడ్డ మీద కర్ర వంతెన వెయ్యడానికి మనుషులు రారు, డోలీకి నాలుగో భుజం దొరకదు. థింసా ఎప్పటి నుంచో ఉంది. చేతులు వెనక్కి పట్టుకుని నడుం కలిపి తిరగడంలో యేసుకు వ్యతిరేకమైనది ఏముందో నాకు ఒక్క పాస్టరూ చెప్పలేకపోయాడు. కాఫీ డబ్బులొచ్చిన వారంలో దశమభాగం గురించి గట్టిగా ప్రసంగం చేసి, చందా లెక్క మాత్రం ఎప్పుడూ చెప్పనివాళ్ళున్నారు. పైనుంచి ఎవరో వస్తే మా పిల్లల్ని చొక్కాల్లేకుండా నిలబెట్టి ఫొటోలు తీసే పెద్ద సంస్థలున్నాయి. ఆ ఫొటోలు ఎక్కడికి పోతాయో మాకు చెప్పరు. ఇవన్నీ వాళ్ళ ముఖం మీద అడగాలి. అడగడానికి మంచి చోటు గ్రామసభ. పిలిచి కూర్చోబెట్టి అడుగుదాం, వాళ్ళ ముందున్న చాప మీద కూర్చున్న మన అమ్మల్ని తిట్టకుండా.

ఉద్దేశాలు తూకం వేసే జబ్బు పాస్టర్లకీ ఉంది. "మీరు మేలుల కోసం వస్తున్నారు, దేవుని కోసం కాదు" అని వాళ్ళూ మందలిస్తారు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో యేసు కూడా జనాన్ని అలాంటి మాటే అన్నాడని అమ్మ చెప్పింది. నేను తీసి చదివాను. అన్నాడు. కానీ దానికి ముందు రోజు ఆయన అందరికీ కడుపునిండా పెట్టాడు. పెట్టే ముందు ఎవరు ఎందుకొచ్చారని అడగలేదు.

మీలో కొందరు దీన్నంతా రెండు రోజుల గొడవ అనుకుంటున్నారు. సీలేరు దాటి పైకి వెళ్తే బస్తర్. 2025 జనవరిలో అక్కడ ఒక పాస్టరు చనిపోతే సొంత ఊళ్ళో పూడ్చడానికి ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. శవం దాదాపు ఇరవై రోజులు మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, అక్కడ ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చెప్పి, చివరికి దూరంగా వేరే శ్మశానంలో పూడ్చారు. ఆ కుటుంబం ఆదివాసీ కుటుంబం కాదు, కానీ ఊరు మన ఊళ్ళలాంటిదే. ఇలాంటివి ఊరికే ఒక్క రోజులో రావు. మొదట పేరు పెట్టి పిలవడం, తర్వాత లిస్టులోంచి పేరు తీసెయ్యడం, తర్వాత బోరింగు దగ్గర నీళ్ళు. మన ఊళ్ళల్లో చచ్చినవాళ్ళని మొయ్యడానికి ఇప్పటిదాకా ఎవరినీ మతం అడగలేదు.

భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో, గోదావరి మీద పడవల కాలువ పనులు నడిచిన 1860ల్లోనే కోయల మధ్య మిషన్ మొదలైంది. జాన్ కెయిన్ అనే దొర దశాబ్దాల తరబడి అక్కడే ఉన్నాడు. అంటే నూట అరవై ఏళ్ళు. ఈ నూట అరవై ఏళ్ళలో కోయల భూములు పోయింది షావుకార్ల చేతుల్లోకి, ప్రాజెక్టుల కిందికి. పాటల పుస్తకంలోకి ఒక్క సెంటు కూడా పోలేదు. మన దగ్గర చూడండి. 2000లో వచ్చిన జీవో 3, ఏజెన్సీ టీచరు పోస్టులు మనకే అన్న జీవో, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా సీనియర్లు ఎంతమంది డీఈడీ చేసి ఖాళీగా ఉన్నారో మీకు తెలుసు. ఆ జీవో పోయినప్పుడు ప్రార్థనకు వెళ్ళేవాళ్ళకి ఒక రకంగా, జాతరకు వెళ్ళేవాళ్ళకి ఇంకో రకంగా పోలేదు. 1/70 చట్టాన్ని తప్పించుకుని బినామీ పేర్లతో రిసార్టులు కట్టేవాడు పట్టాలో మతం చూడడు. బాక్సైట్ వద్దని చింతపల్లి వైపు ఊళ్ళు రోడ్డెక్కినప్పుడు డప్పు కొట్టినవాళ్ళూ ఉన్నారు, ప్రార్థన చేసి బయల్దేరినవాళ్ళూ ఉన్నారు, అందరూ ఒకే ఎండలో నడిచారు.

చివరిగా ఒక పని మాట. హాస్టల్ అడ్మిషన్‌కో స్కాలర్‌షిప్‌కో వెళ్ళినప్పుడు "మీ ఇంట్లో ఎవరైనా చర్చికి వెళ్తారా" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి, రాతపూర్వకంగా అడగమనండి. అడిగినవాళ్ళ హోదా, తేదీ రాసి పెట్టుకోండి. 1950 ఎస్టీ ఉత్తర్వు, 2004 తీర్పు రెండూ పీడీఎఫ్‌లు నా దగ్గరున్నాయి. తీర్పు ఇంగ్లీషులో ఉంది, ముఖ్యమైన పేరాలు తెలుగులో రాసుకున్నాను, చేతిరాత కొంచెం బాగోదు. కావాలన్నవాళ్ళు కింద అడగండి, ఫొటో తీసి పెడతాను. సోమవారం నుంచి సెమిస్టరు పరీక్షలు, ఇక్కడ సిగ్నల్ కూడా టెర్రస్ మీదే వస్తుంది, కాబట్టి రిప్లై రాత్రి పూటే.